చేతిలో పట్టే దేవుడి బొమ్మల కోసం ఆంట్‌వెర్ప్, గెంట్, బ్రూజ్

పుస్తకంలో అచ్చయిన బొమ్మ కంటే అసలు బొమ్మే చిన్నదిగా ఉంటుందని నాకు అరవై ఒకటో ఏట తెలిసింది.

తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. మా స్కూలు లైబ్రరీలో యూరప్ చిత్రకళ మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. 15వ శతాబ్దపు బ్రూజ్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ వేసిన మరియమ్మ బొమ్మ అందులో పేజీ నిండా ఉండేది. నీలం బట్టల్లో తల్లి, చేతుల్లో బిడ్డ, పక్కన ఇత్తడి ఫౌంటెన్. ఎదురు పేజీలో గోడంత బొమ్మ ఒకటి, అదీ అంతే సైజులో. పుస్తకాలు అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి పడేస్తాయి. ఆ నీలం బట్టల తల్లి బొమ్మ అసలు ఎత్తు 19 సెంటీమీటర్లు, వెడల్పు 12. జానెడు కూడా లేదు.

మా అమ్మాయి, అల్లుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటారు. మేమిద్దరం వెళ్ళగానే అల్లుడు పారిస్, స్విట్జర్లాండ్‌లతో ఎక్సెల్ షీట్ తయారు చేసి పెట్టాడు. నాకు నాలుగు రోజులు బెల్జియం చాలన్నాను. "మావయ్యా, అందరూ ఈఫిల్ టవర్ అంటారు, మీరేమో జానెడు బొమ్మలంటారు" అని నవ్వాడు. నవ్వుతూనే టికెట్లు బుక్ చేశాడు. మా ఆవిడ మాత్రం ఒకటే అడిగింది, అక్కడ అన్నం దొరుకుతుందా అని. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ బొమ్మలేమిటో రెండు ముక్కలు. 14, 15 శతాబ్దాల్లో చర్చిలో పెట్టే పెద్ద బొమ్మలతో పాటు, ఇంట్లో పడకగదిలోనో, ప్రయాణంలోనో దగ్గర పెట్టుకుని ప్రార్థన చేసుకోవడానికి చిన్న చిన్న బొమ్మలు వేయించుకునేవారు. కొన్ని ఒంటి పలకలు. కొన్ని రెండు పలకలు, మధ్యలో మడత బందులతో పుస్తకంలా మూసుకునేవి. వీటిని డిప్టిక్ అంటారు. ఎడమ పలక మీద మరియమ్మ, కుడి పలక మీద చేతులు జోడించిన ఇంటాయన. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ ఊరివాడు గేర్ట్ గ్రోటే 14వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన భక్తి ఉద్యమం ఈ ప్రాంతమంతా పాకింది. గుంపులో కాకుండా ఒంటరిగా కూర్చుని, యేసు జీవితంలోని ఘట్టం కళ్ళ ముందు జరుగుతున్నట్టు ఊహించుకుంటూ ధ్యానం చేయమన్నది దాని బోధ. అలా కూర్చున్నవాడికి ఎదురుగా ఒక బొమ్మ కావాలి. బ్రూజ్, ఆంట్‌వెర్ప్ వర్తకుల దగ్గర డబ్బుంది, ఊళ్ళో చేయి తిరిగిన పనివాళ్ళున్నారు.

అందుకే ఈ ప్రయాణంలో నేను ప్రతి చోటికీ వేసిన మార్కులు ఒక్క విషయం మీదే. ఆ బొమ్మకు ఎంత దగ్గరగా, ఎంత సేపు, ఎంత ప్రశాంతంగా నిలబడగలిగాం? చేతిలో పట్టి చూడమని వేసిన బొమ్మను మూడు గజాల దూరం నుంచి చూసి వస్తే చూసినట్టు కాదు.

శనివారం పొద్దున్నే ఐండ్‌హోవెన్‌లో రైలెక్కి, మధ్యలో ఒకసారి మారి ఆంట్‌వెర్ప్‌లో దిగాం. 1905లో కట్టిన ఆ స్టేషనే సగం చర్చిలా ఉంటుంది, పైన గుమ్మటం, కింద అంతస్తులు అంతస్తులుగా ప్లాట్‌ఫారాలు. స్టేషన్ పక్కనే వజ్రాల వ్యాపారుల వీధులు. పాలన్‌పూర్ నుంచి వచ్చిన గుజరాతీ జైనులు ఇక్కడ దశాబ్దాలుగా వ్యాపారం చేస్తున్నారు కాబట్టి, శాకాహారులకు బెల్జియం మొత్తం మీద ఇంతకంటే మంచి చోటు లేదనుకుంటా. ఉల్లి, వెల్లుల్లి లేని పప్పూ రొట్టే కూడా దొరికింది. మా ఆవిడ సగం భయం అక్కడే పోయింది. ఒక జాగ్రత్త చెప్పాలి. బెల్జియం వాళ్ళు గొప్పగా చెప్పుకునే ఆలూ ఫ్రైస్‌ని చాలా చోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు. బంగాళదుంపే కదా అని కొనకండి, ఏ నూనె అని అడిగి కొనండి. మాకు రెండో పొట్లం కొన్నాక తెలిసింది. ఆ సాయంత్రం మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

హోటల్ స్టేషన్‌కు నడిచే దూరంలో తీసుకున్నాం. రాత్రికి 104 యూరోలు, టిఫిన్ లేకుండా. గది శుభ్రంగా ఉంది, మంచం గట్టిగా ఉంది, అంతవరకే. నీళ్ళు కాచుకోవడానికి కెటిల్ లేదు. అడిగితే రిసెప్షన్ అబ్బాయి కింద మెషీన్ ఉందన్నాడు, కప్పు కాఫీ మూడు యూరోలు. మా వాళ్ళు ఎవరైనా వెళ్తే చిన్న ప్రయాణపు కెటిల్ సూట్‌కేసులో పడేసుకోండి. పేరు చెప్పను గానీ, మళ్ళీ వెళ్తే ఆ హోటల్‌కు వెళ్ళను.

ఆ మధ్యాహ్నం ట్రామ్‌లో రాయల్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కు వెళ్ళాం. దీన్ని పదకొండేళ్ళు మూసి బాగుచేసి 2022 సెప్టెంబర్‌లో తెరిచారు. టికెట్ ఖరీదే. కానీ ఇందులో చిన్న బొమ్మల పంట ఉంది, నా లెక్కలో గిట్టుబాటే.

ఫౌంటెన్ పక్కన మరియమ్మ బొమ్మ ముందు నేను నలభై నిమిషాలున్నాను. గడియారం చూసింది మా ఆవిడ. 1439లో వేసినది, అంటే వాన్ ఐక్ పోవడానికి రెండేళ్ళ ముందు. చట్రం కూడా అప్పటిదే. చెక్క మీద పాలరాయిలా రంగు వేసి, దాని మీద రాతిలో చెక్కినట్టు తన పేరు, సంవత్సరం, "నాకు చేతనైనంత" అనే తన మాట రాసుకున్నాడు. తల్లి వెనక ఇద్దరు దేవదూతలు జరీ బట్ట పట్టుకుని నిలబడ్డారు. బిడ్డ ఒక చెయ్యి తల్లి మెడ వెనక వేసి, రెండో చేతిలో జపమాల వేలాడేశాడు. ప్రార్థన చేసుకునేవాడి చేతిలోనూ అలాంటి జపమాలే ఉంటుంది కదా! ఆ పూసలు ఆవగింజంత. ప్రతి పూస మీదా ఒక వెలుగు చుక్క. ఇంత పనితనం దూరం నుంచి చూసేవాడి కోసం ఎవరూ పెట్టరు. ఒళ్ళో పెట్టుకుని చూసేవాడి కోసం పెడతారు.

పని పద్ధతి గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, మాస్టారి అలవాటు. బాల్టిక్ సముద్రం వైపు నుంచి ఓడల్లో వచ్చిన ఓక్ చెక్కను పలకగా చేసి, సుద్ద, జిగురు కలిపి పూత పూసి, అద్దంలా నున్నగా రుద్దేవారు. దాని మీద సన్నటి గీతతో బొమ్మ గీసి, అవిసె నూనె లాంటి నూనెలో కలిపిన రంగును పొర మీద పొరగా, ఒక్కోటి ఆరేదాకా ఆగి, పల్చగా వేసేవారు. వెలుతురు ఆ పొరల గుండా లోపలికెళ్ళి, అడుగున తెల్ల సుద్దను తాకి తిరిగి బయటికొస్తుంది. ఆ నీలం లోపల దీపం పెట్టినట్టు ఉండేది అందుకే. మా పిల్లలకు నీటి రంగుల్లో తెల్ల కాగితాన్ని చంపొద్దని మొత్తుకునేవాణ్ణి, ఇదే సూత్రం.

ఇదే మ్యూజియంలో వాన్ ఐక్‌దే ఇంకో పలక ఉంది, 1437 నాటి సెయింట్ బార్బరా. ఇది దాదాపు పూర్తిగా గీతే, రంగు లేదు. ఆమె వెనక కట్టడంలో ఉన్న గోపురం, దాని చుట్టూ రాళ్ళు మోసేవాళ్ళు, చెక్కేవాళ్ళు, చీమల్లా మనుషులు. గీత నేర్చుకునే పిల్లల్ని దీని ముందు కూర్చోబెట్టాలనిపించింది. ఇటలీలోని సియెనా చిత్రకారుడు సిమోనె మార్తీని 14వ శతాబ్దంలో ఒర్సీని వంశస్థుడి కోసం వేసిన మడత బొమ్మల్లో నాలుగు పలకలు కూడా ఇక్కడే ఉన్నాయి. బంగారు రేకు మీద ఎరుపూ నీలమూ. అదే జట్టులో ఒక పలక పారిస్ లూవ్ర్‌లో, ఒకటి బెర్లిన్‌లో. మడిచి పెట్టెలో పెట్టుకునే వస్తువు మూడు దేశాలకు చెదిరిపోయింది.

చెదిరిపోవడం అంటే అసలు కథ తర్వాతి బొమ్మది. ఫిలిప్ ద క్రోయ్ అనే కులీనుడు, చేతులు జోడించి, వేళ్ళ మధ్య జపమాలతో. రోజియెర్ వాన్ డెర్ వేడెన్ అనే చిత్రకారుడు 1460 ప్రాంతంలో వేశాడు. మా ఆవిడ దాని ముందు ఆగి, "ఏమండీ, ఈయన ఎవరికి దండం పెడుతున్నాడు?" అంది. ఎదురుగా ఎవరూ లేరు మరి. ఆయన దండం పెట్టిన మరియమ్మ కాలిఫోర్నియాలో, శాన్ మరీనో ఊరి హంటింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఎప్పుడో ఎవరో వ్యాపారి బందులు ఊడదీసి, తల్లిని ఒకరికి, మనిషిని ఒకరికి అమ్ముకుని ఉంటాడు. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. ఇదే చిత్రకారుడు వేసిన లోరాన్ ఫ్రుయామోన్ అనే ఆయన బొమ్మ బ్రస్సెల్స్‌లో ఉంటే, అతని మరియమ్మ ఫ్రాన్సులోని కాన్ ఊళ్ళో ఉంది. 2006, 2007లలో వాషింగ్టన్‌లోనూ ఈ ఆంట్‌వెర్ప్ మ్యూజియంలోనూ డిప్టిక్‌ల ప్రదర్శన పెట్టి విడిపోయిన జంటల్లో కొన్నిటిని మళ్ళీ పక్కపక్కన చేర్చారు. అయిపోగానే ఎవరి ఊరికి వాళ్ళు.

అన్నట్టు, ఈ నాలుగు రోజుల్లో నా ముక్కు గీత దాటినందుకు రెండుసార్లు అలారం మోగింది. ఒక చోట కాపలా ఆయన నవ్వి వేలు ఊపాడు. ఇంకో ఊళ్ళో ఇంకో చోట కాపలా ఆవిడ మాత్రం దొంగను చూసినట్టు చూసి, ఆ తర్వాత గది గదికీ నా వెనకే వచ్చింది. బైఫోకల్ కళ్ళద్దాలతో ఈ బొమ్మలు చూడటం కష్టం, మెడ పైకెత్తి కిందకి చూడాలి. దగ్గరి చూపు కళ్ళద్దాలు విడిగా తీసుకెళ్ళండి. ఇంట్లో ఉండగానే క్లోజర్ టు వాన్ ఐక్ అనే వెబ్‌సైట్‌లో బొమ్మల్ని పెద్దవి చేసి చూసుకుంటే, అక్కడికెళ్ళాక ఏ మూల ఏముందో వెతుక్కోనక్కర్లేదు.

ఆదివారం పొద్దున మేయర్ వాన్ డెన్ బెర్గ్ మ్యూజియం. తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. ఇది మ్యూజియం కంటే పాత జమీందారు ఇల్లులా ఉంటుంది. ఫ్రిట్జ్ అనే సంపన్నుడు జీవితమంతా కళాఖండాలు సేకరించి 1901లో చనిపోతే, తల్లి ఆంరియెట్ ఆ సేకరణ కోసమే ఈ భవనం కట్టించి 1904లో తెరిచింది. అందరూ 16వ శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ వేసిన పిచ్చి గ్రీట్ బొమ్మ కోసం వస్తారు. నేను 1400 ప్రాంతపు రెండు పలకల కోసం వెళ్ళాను. నాలుగు పలకల మడత బొమ్మలో సగం ఇక్కడ, సగం అమెరికాలో బాల్టిమోర్‌లో.

ఇక్కడున్న యేసు పుట్టుక పలక మీద జోసెఫ్‌ను చూసి మా ఆవిడ పైకే నవ్వేసింది. పక్కన మరియమ్మ పక్క మీద పడుకుని ఉంటే, ఈయన ఒక కాలి మేజోడు విప్పి కత్తితో కోస్తున్నాడు. ఒక కాలు బోసి. బిడ్డను చుట్టడానికి ఇంట్లో గుడ్డ లేదు, ఉన్నది మేజోళ్ళే. జర్మనీలోని ఆహెన్ చర్చిలో ఆ మేజోళ్ళని పూజించేవారు, బొమ్మలోకి ఆ కథ వచ్చింది. "మా నాన్న అచ్చం ఇంతే, నేను పుట్టినప్పుడు కండువా చింపాడట" అని ఆమె చాలాసేపు అక్కడే ఉంది. నాకు అర్థమయ్యేలోపే ఆమెకు అర్థమైపోయింది ఇది ఇంట్లో చూసుకునే బొమ్మని. ఇదే జట్టులో ఒక పలక వెనక సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ ఉంది, బాల యేసును భుజాన ఎక్కించుకుని నది దాటించినాయన. బాటసారుల రక్షకుడు. పొద్దున్నే ఆయన బొమ్మ చూస్తే ఆ రోజు అకాల మరణం ఉండదని అప్పటి నమ్మకం. ఎక్కడికెళ్ళినా వెంట ఉంచుకునే బొమ్మ మీద ఆయన ఉండటం సబబే.

ఇవన్నీ రాజులకూ జమీందార్లకేనా అనే అనుమానం నాకూ వచ్చింది. కాదట. ఆంట్‌వెర్ప్ పెద్ద చర్చి పక్కన 1460లోనే పాంట్ అనే బజారు కట్టారు, సంతల రోజుల్లో అక్కడ బొమ్మలు సిద్ధంగా దొరికేవి. ఒక పేరున్న బొమ్మకు నకళ్ళు తీయించడమూ మామూలే. కాంబ్రే ఊరి చర్చికి 1450లో ఇటలీ నుంచి ఒక మరియమ్మ బొమ్మ చేరింది, దాన్ని సువార్త రాసిన సెయింట్ లూకానే స్వయంగా వేశాడని జనం నమ్మకం. నాలుగేళ్ళు తిరక్కుండా ఒక దొర బ్రూజ్ చిత్రకారుడు పెట్రుస్ క్రిస్టుస్‌తో మూడు నకళ్ళకు ఒప్పందం చేసుకున్నాడు, ఆ తర్వాత చర్చి వాళ్ళు ఇంకో చిత్రకారుడితో పన్నెండు వేయించారు. మన కొండ మీద పటాల కొట్లు గుర్తుకు రాక మానవు.

గెంట్ మీద ఎక్కువ రాయను. ఆదివారం మధ్యాహ్నం స్టేషన్ లాకర్లో సామాన్లు పడేసి సెయింట్ బావో చర్చికి వెళ్ళాం. పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి ఆదివారం మధ్యాహ్నం తర్వాతే సందర్శకులను రానిస్తారు. వాన్ ఐక్ అన్నదమ్ములు వేసిన 1432 నాటి మహా బలిపీఠం బొమ్మ, మడిచే పలకలది, అక్కడ ఉంది, విప్పితే నాలుగున్నర మీటర్ల వెడల్పు. 1934లో దొంగలెత్తుకెళ్ళిన పలక ఇప్పటికీ దొరకలేదు, ఆ చోట నకలు ఉంది. గొప్ప పనే, కాదనను. కానీ గుంపు, గుసగుసలు, ఎత్తిన ఫోన్లు. ఇది ఊరి గుడి, నేను వెతుక్కుంటూ వచ్చింది పూజగది. అయినా చిన్న బొమ్మల ప్రయాణంలో దీన్ని ఒకసారి చూడటం మంచిదే, అదే చేయి రెండు కొలతల్లో ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

సాయంత్రం బ్రూజ్. రైల్లో స్టేషన్ పేరు బ్రుగ్గ అని చెబుతారు, బ్రూజ్ అనే మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంటే దాటిపోతారు. బెల్జియం రైళ్ళలో సీటు నంబర్లుండవు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే.

బస విషయంలో ఇక్కడ మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. ఊరి నడిబొడ్డున కాలువ పక్కన పాత ఇల్లు, ఫొటోల్లో మహా ముచ్చటగా ఉంటే రెండు రాత్రులు తీసుకున్నాం, రాత్రికి 135 యూరోలు, టిఫిన్‌తో కలిపి. స్టేషన్ నుంచి అక్కడికి రాళ్ళు పరిచిన దారి. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ మీద లాగితే చేతులు వణికిపోయాయి, మా ఆవిడ మడమలు బొబ్బలెక్కాయి, దారిలో ఫార్మసీలో ఆగి బ్యాండ్ ఎయిడ్ డబ్బా కొన్నాం. తీరా వెళ్తే మా గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా. లిఫ్ట్ లేదని సైటులో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో రాశారట. ఇంటావిడ మాత్రం మంచి మనిషి, మా అవస్థ చూసి సామాన్లు తనే పైకి చేర్పించింది. మేము గుడ్డు తినమని చెబితే మర్నాడు జున్ను, రొట్టె, పళ్ళు విడిగా పెట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు స్టేషన్ దగ్గర లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకోండి, బస్సులో పది నిమిషాలు. మోకాళ్ళు బాగుంటే మాత్రం ఊళ్ళోనే ఉండండి, ఎందుకంటే సాయంత్రం ఐదు దాటాక పగటి యాత్రికుల బస్సులు వెళ్ళిపోతాయి. అప్పుడు ఆ ఊరు మనదే.

సోమవారం పొద్దున్నే సెయింట్ జాన్ ఆస్పత్రి మ్యూజియం ముందు నిలబడ్డాం. తలుపు మూసి ఉంది. సోమవారం సెలవు. నాలుగు నెలలు ప్లాన్ చేసినవాణ్ణి ఈ ఒక్కటి చూసుకోలేదు. ఇక్కడ మ్యూజియంల సెలవు రోజులు ఒకేలా ఉండవు, టికెట్ కొనేముందు ఒక్కోటీ విడిగా చూసుకోండి. మా ఆవిడ ఏమీ అనలేదు, అది ఇంకా కష్టం.

అలా ఖాళీ దొరికిన రోజున బెగైన్‌హోఫ్‌కు వెళ్ళాం. మంచి పనైంది. 1245లో మొదలైన ఆవరణ ఇది. సన్యాసం పూర్తిగా తీసుకోకుండా, ఆడవాళ్ళు తమ పని చేసుకుంటూ ప్రార్థనలో గడిపిన తెల్లటి ఇళ్ళు, మధ్యలో పొడవాటి చెట్లు. ఇప్పుడు బెనెడిక్టిన్ సన్యాసినులు ఉంటున్నారు. మాట్లాడొద్దని బోర్డు ఉంది, జనం కూడా పాటిస్తున్నారు. చిన్న బొమ్మలు ఇలాంటి చిన్న గదుల్లోనే కదా బతికింది. ఆ కిటికీలు, ఆ వెలుతురు చూశాక నాకు మ్యూజియం దీపాల మీద మనసు విరిగింది. కాలువలో అరగంట పడవ షికారు కూడా చేశాం. ఖర్చు తప్ప కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు.

ఆ రాత్రి గదిలో మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి తన మడత పటం తీసింది. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద కొట్లో ఎప్పుడో కొన్నది, ఇత్తడి రంగు చట్రం, మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ సరస్వతి, వినాయకుడు. ఎక్కడికెళ్ళినా టేబుల్ మీద పెట్టి రెండు నిమిషాలు దండం పెట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. రెక్కలు పూర్తిగా చాపితే ఆ పటం నిలబడదు, వెనక్కి పడిపోతుంది. కొంచెం లోపలికి వంచితేనే నిలబడుతుంది. అలా వంచినప్పుడు పక్క బొమ్మలు రెండూ మధ్య బొమ్మ వైపు తిరుగుతాయి. నేను పడుకోకుండా ఆ పటాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, "బొమ్మలు చూసిచూసి మీకు మతిపోయింది, దీపం ఆర్పండి" అంది.

మంగళవారం తలుపు తీయగానే మేమే మొదటివాళ్ళం. ఈ ఆస్పత్రి 12వ శతాబ్దం నుంచి రోగులను చూసింది. యూరప్‌లో ఇంత పాతవైన ఆస్పత్రి కట్టడాలు నిలిచి ఉన్నవి చాలా తక్కువ. జబ్బుపడ్డవాళ్ళ మంచాలు వేసిన హాలు, పెద్ద పెద్ద చెక్క దూలాలు, పాత మందుల కొట్టు. హాన్స్ మెమ్లింగ్ ఈ ఆస్పత్రి కోసమే కొన్ని బొమ్మలు వేశాడు. జర్మనీలోని సెలిగెన్‌స్టాట్‌లో పుట్టి, 1465లో బ్రూజ్ పౌరసత్వం తీసుకుని, 1494లో ఇక్కడే పోయాడు. బంగారు పూత పూసిన సెయింట్ ఉర్సులా పేటిక ఇల్లు ఆకారంలో ఉంటుంది. చుట్టూ కిటికీల్లా చిన్న బొమ్మలు. గైడ్ ఉన్న గుంపులన్నీ అక్కడే ఆగుతాయి.

నేను వెతికింది మార్టెన్ వాన్ న్యూవెన్‌హోవె డిప్టిక్. 1487. ఒక్కో పలక చట్రం వదిలేస్తే దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు. బ్రూజ్ పెద్దింటి కుర్రాడు, చట్రం మీదే రాసి ఉంది, వయసు 23 అని. తర్వాత ఊరికి మేయరయ్యాడు, 1500లో పోయాడు. ఈ జంటను ఎవరూ విడదీయలేదు.

ఎడమ పలకలో తల్లి బిడ్డకు ఆపిల్ పండు అందిస్తోంది. కుడి పలకలో మార్టెన్, ముందు తెరిచిన ప్రార్థన పుస్తకం. తల్లి ఎర్ర పైవస్త్రం అంచు చట్రం దాటి అతని పలకలోకి వచ్చి, ఆ పుస్తకం కింద పరుచుకుంది. నేను మెల్లగా కుడి పక్కకు జరిగి, మోకాళ్ళు వంచి, తల ఓ పక్కకు వాల్చి చూశాను. రాత్రి పటం దగ్గర చూసిందే. ఎడమ పలక ఎదురుగా ఉండి, కుడి పలక కొంచెం లోపలికి వంగితే, రెండు గదులు ఒకే గది అవుతాయి, మార్టెన్ ఆ తల్లి పక్కన ఆమె వైపు తిరిగి కూర్చున్నట్టు అవుతాడు. కాపలా ఆయన నన్ను గమనించి ఏమనుకున్నాడో గానీ ఒక కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీకి నేను నూటికి నూరు మార్కులు వేశాను.

మా ఆవిడ మాత్రం నిలబడే చూస్తోంది. కాసేపటికి, "ఏమండీ, అద్దం చూశారా?" అంది. తల్లి వెనక గోడకు గుండ్రటి ఉబ్బెత్తు అద్దం ఉంది. నేను పుస్తకంలో చదివినదే, కానీ ఆమె చదవలేదు, తనే కనిపెట్టింది. అందులో ఇద్దరి వీపులూ కనిపిస్తాయి. తల్లి, పక్కన కుర్రాడు, ఒకే గదిలో.

"వీడు నయం. ఆంట్‌వెర్ప్ ఆయన పాపం ఒక్కడే ఉన్నాడు."

మధ్యాహ్నం గ్రూనింగె మ్యూజియంలో ఒక గంట గడిపాం. వాన్ ఐక్ తన భార్య మార్గరెట్ బొమ్మ వేసింది అక్కడే ఉంది, అదీ 1439లోదే. కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని మోకరిల్లిన ముసలి పూజారి వాన్ డెర్ పేలె ఉన్న పెద్ద పలకా ఉంది. బాగున్నాయి, కానీ అప్పటికి మా కళ్ళు నిండిపోయాయి. రెండు మ్యూజియంలూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

నాలుగు రోజులకు ఇద్దరికీ రైళ్ళు, బసలు, టికెట్లు, తిండి కలిపి 800 యూరోలు దాటింది. ఆంట్‌వెర్ప్ రెండు రాత్రులు ఉండాల్సింది, బ్రూజ్‌లో ఒక రాత్రి చాలేది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఈ ప్రయాణం చెప్పను, జానెడు బొమ్మ ముందు పిల్లలు ఐదు నిమిషాలు నిలవరు.

తిరుగు రైల్లో మా ఆవిడ బ్యాగు తెరిచింది. ఏదో కొట్లో మార్టెన్ డిప్టిక్ పోస్ట్‌కార్డులు కొన్నదట, రెండు పలకలూ రెండు విడి కార్డులు. బ్యాండ్ ఎయిడ్ డబ్బాలోంచి రెండు తీసి, వెనక వైపు పైనొకటి, కిందొకటి అతికించింది. ఐండ్‌హోవెన్‌లో భోజనాల బల్ల మీద పూర్తిగా చాపి పెడితే పడిపోయింది. కొంచెం లోపలికి వంచితే నిలబడింది.